మన పెరట్లో పూత, పూత వెనుక వచ్చే జీవాలు



ఈ నెల గోడపత్రికలో నాకు ఎడమ పక్క రెండు షీట్లు ఇచ్చినారు. చిన్న అక్షరాలతో రాస్తున్నాను. కొంచెం దగ్గరకు వచ్చి చదవండి. వెనుక నిలబడిన చిన్న తరగతుల వాళ్ళ కోసం ముందున్న అక్కలు గట్టిగా చదవండి.

ఉగాది పోయింది. అన్నాల షెడ్డు వెనుక వేపచెట్టు తెల్లగా పూసింది. కానుగ మొగ్గ మీద ఉంది. పొద్దుగూకితే మల్లె పందిరి దగ్గర నిలబడబుద్ధి అవుతాది. ఇదే పెరట్లో పోయిన వారం బాత్‌రూముల వెనుక పాము కనిపించింది. అప్పటి నుండి హాస్టల్లో ఒకటే మాట. చెట్లు కొట్టేయాల, మల్లె పందిరి పీకేయాల, తుప్పలన్నీ కాల్చేయాల అని. ఈ ఆదివారం శ్రమదానం ఉంది. ఆ లోపలే ఈ వ్యాసం అందరూ చదవాల అని నా కోరిక. ఏ జీవం పెరట్లోకి ఎందుకు వస్తాదో తెలిస్తే, దేన్ని తీసేయాలో దేన్ని ఉంచాలో మనకే తెలుస్తాది.

1. ఎండ ముదిరేటప్పుడు పూత ఎందుకు?

ఋతువులు ఆరు. వాటిలో మొదటిది వసంత ఋతువు. చైత్ర, వైశాఖ మాసములు వసంత ఋతువు అని మనం చదువుకున్నాము. వాచకంలో వసంతం అంటే చల్లని గాలి, కోయిల పాట. మన గండికోట పక్క కోయిల ఉంది కానీ చల్లగాలి లేదు. ఎర్రమల కొండల్ని పెన్నమ్మ కోసుకొని పోయిన గండి ఇది. చుట్టూ ఎర్రరాయి. మార్చి నుండే రాయి కాగుతాది. కడప జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అది కూడా ఎక్కువ భాగం జూన్ తరువాతే పడతాది. మరి వాన చుక్క లేని కాలంలో చెట్లు ఎట్లా పూస్తాయి? ఎందుకు పూస్తాయి?

సైన్సు సారును అడిగితే మూడు కారణాలు చెప్పినారు.

మొదటిది, పెద్ద చెట్ల వేళ్ళు చాలా లోతుకు పోతాయి. పైన నేల ఎండినా అడుగున తడి ఉంటాది. అందుకే బోరు ఎండిన ఊర్లో కూడా వేప పచ్చగా ఉంటాది.

రెండవది, ఈ కాలంలో చెట్లు పాత ఆకు రాలుస్తాయి. ఆకు తక్కువైతే చెట్టు నుండి ఆవిరైపోయే నీరు తగ్గుతాది. పైగా ఆకు అడ్డం లేకపోతే పూలు దూరానికి కనిపిస్తాయి. మోదుగ చెట్టును చూడండి. ఒక్క ఆకు లేకుండా చెట్టంతా నిప్పు అంటుకున్నట్టు పూస్తాది.

మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇప్పుడు పూస్తేనే కాయ ముదిరి పండయ్యేసరికి వానలు వస్తాయి. వేప పండ్లు జూన్, జూలైలో రాలతాయి. వేపగింజకు మొలిచే బలం ఎక్కువ రోజులు ఉండదు, కొన్ని వారాలే. రాలిన వెంటనే తడి తగలకపోతే ఆ గింజ వృథా. అందుకని చెట్టు ముందుగానే లెక్క వేసుకున్నట్టు ఉగాదికి పూస్తాది. మా జేజి దీన్ని ఒక్క మాటలో చెప్తాది. "పూత ఉగాదికి, గింజ ఏరువాకకు" అని. మా జేజి బడి గడప తొక్కలేదు.

2. ఆ రంగు ఎవరి కోసం? ఆ వాసన ఎవరి కోసం?

పూలు మన జడ కోసం పూయవు. దేవుని పటం కోసం కూడా పూయవు. చెట్టు కదలలేదు. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వు కీలాగ్రం మీద పడాల, అప్పుడే కాయ. ఆ పుప్పొడి మోసే పని పురుగులు, పిట్టలు చేస్తాయి. ఊరికే ఎవరు మోస్తారు? అందుకే పువ్వు తన అడుగున తియ్యని రసం పెట్టుకుంటాది. అది కూలి అనుకోండి. రంగు, వాసన అనేవి కూలికి రమ్మని పిలిచే పిలుపు.

పిట్టలకు ఎరుపు రంగు బాగా తెలుస్తాది. వాసన అంతగా పట్టించుకోవు. అందుకే బూరుగ, మోదుగ, మందార పూలకు మంచి రంగు ఉంది, వాసన లేదు. రాత్రి తిరిగే పురుగులకు రంగుతో పని లేదు. చీకట్లో తెలుపు కనిపిస్తాది, వాసన అందుతాది. అందుకే మల్లె, నందివర్ధనం, కలివి పూలు తెల్లగా ఉంటాయి, పొద్దుగూకినాకే ఘుమఘుమ అంటాయి. వేపపూత కూడా తెలుపే. సాయంత్రం వేప కింద కూర్చుంటే తేనె వాసన వస్తాది. పువ్వు నమిలితే మాత్రం చేదు. ఉగాది పచ్చడిలో మనకు తెలిసిందే.

మునగ పూలకు నల్ల తుమ్మెదలు వస్తాయి. జుమ్మని శబ్దం చేస్తాయి కాబట్టి చిన్న పిల్లలు భయపడి చీపురుతో కొడతారు. కొట్టొద్దండి. తుమ్మెదలు, తేనెటీగలు రాకపోతే మునక్కాయలు సరిగా పట్టవు. మనకు గురువారం మునక్కాయ సాంబారు కావాల అంటే తుమ్మెద పని చేయాల.

3. పగటి పూట వచ్చే చుట్టాలు

తేనెపిట్ట: మన మందార చెట్టుకు తలకిందులుగా వేలాడే బొటనవేలంత పిట్ట ఇదే. ముక్కు కొడవలిలా వంగి ఉంటాది. ఈ కాలంలో మగది నీలం కలిసిన నలుపు రంగులో తళతళలాడతాది. ఆడది పైన బూడిద రంగు, పొట్ట పసుపు. గుడ్లు పెట్టే కాలం అయిపోతే మగది కూడా ఆ మెరుపు పోగొట్టుకొని దాదాపు ఆడదాని మాదిరే అవుతాది. గూడు కట్టేది ఆడదే. గడ్డి పోచలను సాలెగూటి దారంతో కుట్టి కొమ్మకు సంచిలా వేలాడదీస్తాది. వాకిలి పైన చిన్న చూరు కూడా పెడతాది. నీళ్ళ ట్యాంకు పక్కన దండెం తీగకు వేలాడుతున్నది చెత్త కాదు. తేనెపిట్ట గూడు. దాన్ని లాగొద్దు. పిల్లలకు అది తేనె పెట్టదు, పురుగులు, సాలీళ్ళు పెడతాది.

తేనెటీగలు: మన పక్క మూడు రకాలు చూస్తాము. పెద్ద తేనెటీగ కొండ చరియలకు, ఎత్తైన చెట్లకు, వాటర్ ట్యాంకులకు ఒకే పెద్ద తుట్టె పెడతాది. దానికి కోపం ఎక్కువ. రాయి వేస్తే గుంపుగా వెంటపడతాది. రెండవది పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పెట్టేది. మూడవది చిన్నది, తుప్పల్లో కొమ్మకు అరచేయి అంత తుట్టె పెడతాది. మా నాయన తేనె తీసేటప్పుడు తుట్టె మొత్తం కోయడు. పిల్లపురుగులు ఉన్న భాగం వదిలేస్తాడు. "అంతా కోస్తే వచ్చే ఏడు ఏం తింటావు?" అంటాడు.

సీతాకోకచిలుక: కరివేపాకు చెట్టు మీద పిట్ట రెట్ట లాంటిది కనిపిస్తే తుడవబోకండి. బాగా చూస్తే అది మెల్లగా కదులుతాది. అది సీతాకోకచిలుక పిల్లపురుగు. పిట్టలు తినకుండా రెట్ట వేషం వేసుకుంటాది. పెద్దయినాక ఆకుపచ్చగా మారతాది. నిమ్మ, కరివేపాకు జాతి చెట్ల మీదనే ఈ రకం గుడ్లు పెడతాది.

తొండ: ఇప్పుడు మగ తొండకు తల, గొంతు ఎర్రగా అవుతాయి. గోడ మీద దండీలు తీసినట్టు పైకి కిందకు ఊగుతాది. అది మనల్ని వెక్కిరించడం కాదు, రక్తం పీల్చడం అంతకన్నా కాదు. "ఇది నా చోటు" అని ఇంకో మగ తొండకు చెప్పడం, ఆడ తొండను పిలవడం. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతాది అని సామెత ఉంది. సామెత మనుషుల గురించి నిజం కావచ్చు, తొండ గురించి మాత్రం కాదు. తొండ జాతి వేరు, ఊసరవెల్లి జాతి వేరు. తొండ ఎంత ముదిరినా తొండే.

కోయిల: "కూ" అని పాడేది నల్లగా ఉండే మగ కోయిల. ఆడది గోధుమ రంగులో తెల్ల మచ్చలతో ఉంటాది, అంతగా పాడదు. కోయిల గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతాది. మన చింతచెట్టు మీద కాకులు ఒక పిట్టను తరుముతుంటే అది ఏ పిట్టో ఇప్పుడు మీకు తెలుసు.

4. పువ్వు దగ్గర మొదలై పాము దాకా

ఇక అసలు విషయానికి వస్తున్నాను.

పూత ఉంటే పురుగులు వస్తాయి. పురుగులు ఉంటే తొండలు, కప్పలు, పిట్టలు వస్తాయి. కాయలు, గింజలు ఉంటే ఉడుతలు, ఎలుకలు వస్తాయి. కప్పలు, ఎలుకలు ఉంటే పాము వస్తాది. పాము ఉంటే ముంగిస, గద్ద వస్తాయి. దీన్నే మన పుస్తకంలో ఆహారపు గొలుసు అన్నారు.

ఇది చదివి, "చూడు, పూలచెట్టు ఉంది కాబట్టే పాము వచ్చింది" అని మీరు అనొచ్చు. కొంచెం ఆగండి. పాము పూల వాసనకు రాదు. మల్లె, మొగలి వాసనకు పాము వస్తాది అని పెద్దవాళ్ళు అంటారు. పాముకు కావలసింది మూడే. తిండి, నీడ, తేమ. ఎండాకాలం నేల కాగితే పగలు ఎక్కడో నీడన దాక్కొని రాత్రి బయటకు వస్తాది. మరి మన పెరట్లో ఈ మూడూ ఎక్కడ ఉన్నాయి?

తిండి: మనం తట్టలు కడిగి గోడ పక్కన పడేసిన అన్నం. దానికి ఎలుకలు. పోయిన వారం పాము కనిపించిన చోట నేను ఏడు ఎలుక బొక్కలు లెక్కపెట్టినాను.

నీడ: విరిగిన బెంచీలు, మిగిలిపోయిన ఇటుకల కుప్ప, కట్టెల మోపులు.

తేమ: కొళాయి నుండి ఎప్పుడూ కారే నీళ్ళు.

వేపచెట్టు వీటిలో ఏదీ కాదు. దాన్ని కొట్టేసి ఇటుకల కుప్పను ఉంచితే పాము ఎక్కడికీ పోదు. మనకు మాత్రం నీడ పోతాది.

ఇంకో సంగతి మా నాయన దగ్గర తెలుసుకున్నాను. మన పక్క నల్లరేగడిలో శనగ, జొన్న కోతలు మార్చికి అయిపోతాయి. చేన్లో గింజ అయిపోయినాక ఎలుకలు, పందికొక్కులు ఇండ్ల పక్కకు, గోదాముల పక్కకు వస్తాయి. వాటి వెనుక పాములు వస్తాయి. అంటే పూసే కాలం, ఎలుక వచ్చే కాలం, పాము తిరిగే కాలం మూడూ ఒకటే అయినాయి. అందుకే జనం పూతకు, పాముకు ముడి పెట్టినారు. కానీ కారణం ఎలుక.

5. ఏ పాముకు భయపడాల?

మన దేశంలో పాములు చాలా రకాలు ఉన్నాయి. ఎక్కువ రకాలకు మనిషిని చంపే విషం లేదు. ఎక్కువ మందిని చంపేవి నాలుగు.

నాగుపాము: పడగ విప్పుతాది.

కట్లపాము: నల్లగా మెరుస్తూ సన్నని తెల్ల కట్లు ఉంటాయి. రాత్రే తిరుగుతాది. నేల మీద పడుకున్న వాళ్ళ పక్కలోకి వస్తాది.

రక్తపింజరి: లావుగా, గొలుసు లాంటి మచ్చలతో ఉంటాది. కుక్కరు విజిల్ మాదిరి బుస కొడతాది.

చిన్న పింజరి: మూరెడు కూడా ఉండదు. రాళ్ళ నేలలో ఉంటాది. చుట్ట చుట్టుకొని పొలుసులు రుద్ది రంపం శబ్దం చేస్తాది. చిన్నది కదా అని తక్కువగా అనుకోవద్దు.

మొన్న బాత్‌రూముల వెనుక కనిపించింది జెర్రిపోతు. పొడుగ్గా ఉంది, పడగ లేదు, మనుషుల్ని చూసి పారిపోయింది. దానికి విషం లేదు. ఎలుకలు తింటాది. జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది అని మన ఊర్లలో అంటారు. రెండూ వేరే జాతులు. రెండింటిలోనూ మగవి, ఆడవి ఉన్నాయి. పాము పగ పట్టదు, అంత జ్ఞాపకం దానికి లేదు. పాలు దాని ఆహారం కాదు. పుట్టలో పోస్తే చీమలకే.

6. కరిస్తే ఏం చేయాల?

ఈ భాగం రాయడం నాకు కష్టం. కానీ దీని కోసమే ముఖ్యంగా రాస్తున్నాను.

మా చిన్నాయన కూతురు ఆరేండ్ల పిల్ల. మా గుడిసెలో అందరం నేల మీద పడుకుంటాము. ఒక రాత్రి ఆ పిల్ల కడుపు నొప్పి అని లేచింది. ఏదో తిన్నది అనుకున్నారు. వాము నీళ్ళు తాగించినారు. తెల్లవారుజామున రెప్పలు వాలిపోయినాయి, మాట ముద్దగా వచ్చింది. గాలి సోకింది అని పక్క ఊరికి మంత్రం వేయించను ఎత్తుకొని పోయినారు. దారిలోనే ఊపిరి ఆగిపోయింది. చాప ఎత్తితే కట్లపాము ఉంది.

కట్లపాము కరిస్తే నొప్పి తెలియదు. కోరల గుర్తు కూడా సరిగా కనపడదు. కడుపు నొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం దాని గుర్తులు అని నేను తొమ్మిదో తరగతికి వచ్చినాక ఒక డాక్టరమ్మ మన బడికి వచ్చి చెప్తే తెలిసింది. మా వాళ్ళు పామును చూసిన వెంటనే దాని పేరు చెప్తారు. ఈ గుర్తులు మాత్రం మా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయినారు అని పరిశోధకులు లెక్క కట్టినారు. ఎక్కువ మంది చనిపోయే రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చనిపోయేది ఎక్కువగా పల్లెటూరి వాళ్ళే. కాబట్టి ఇవి నోటికి నేర్చుకోండి.

చేయవలసినవి: కరిచిన పిల్లను కదలనీయవద్దు, నడిపించవద్దు, ధైర్యం చెప్పండి. వాపు వస్తాది కాబట్టి గాజులు, పట్టీలు, ఉంగరం, కట్టిన దారాలు తీసేయండి. చేయి గానీ కాలు గానీ కరిస్తే కట్టె ఆనించి కదలకుండా వదులుగా కట్టండి. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తు పెట్టుకోండి. 108కి ఫోన్ చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొనిపోండి.

చేయకూడనివి: బ్లేడుతో కోయకూడదు. నోటితో పీల్చకూడదు. తాడుతో బిగించి కట్టకూడదు. పసరు తాగించకూడదు. పామును పట్టుకోను వెంటపడకూడదు.

మంత్రంతో బతికిన వాళ్ళు ఉన్నారు కదా అని మా మేనత్త అడిగింది. విషం లేని పాము కరిచినా మనిషి బతుకుతాడు. విషపు పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తాది. అప్పుడు ఏ మంత్రం వేసినా, వేయకపోయినా బతుకుతారు. పేరు మంత్రానికి వస్తాది. విషం ఎక్కిన వాళ్ళను బతికించేది ఆసుపత్రిలో ఇచ్చే విషం విరుగుడు మందే.

ఆ మందు ఎట్లా చేస్తారంటే, పాము విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రానికి ఎక్కిస్తారు. గుర్రం రక్తంలో విషంతో పోరాడే పదార్థం తయారవుతాది. దాన్ని తీసి, శుద్ధి చేసి సూదిమందు చేస్తారు. మన దేశంలో దొరికే మందు పైన చెప్పిన నాలుగు పాములకూ కలిపి పని చేస్తాది.

7. ఆ విషం ఎవరు తీస్తారు?

దీనికి జవాబు చదివినప్పుడు నేను ఆ పేజీని మూడు సార్లు చదివినాను.

తమిళనాడులో ఇరుళరు అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ళూ మా యానాదోళ్ళ మాదిరే ఎలుకలు, తేనె, దుంపల మీద బతికిన వాళ్ళు. పాము జాడ చూసి పట్టడంలో వాళ్ళంత నేర్పరులు లేరు. ఒకప్పుడు తోలు వ్యాపారుల కోసం పాములు పట్టేవాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినాక ఆ పని పోయింది. 1978లో మద్రాసు దగ్గర వాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే మందు తయారవుతాది. వాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పోయినారు. అక్కడ జనం పెంచుకొని వదిలేసిన కొండచిలువలు పెరిగిపోయి అడవి జంతువులను తినేస్తుంటే, వాటిని వెతికి పట్టను వీళ్ళను పిలిపించినారు. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చినారు.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేను. మా నాయన చేన్లలో ఎలుక బొక్క చూసి, లోపల ఎలుక ఉందో పాము ఉందో వాకిలి చూసి చెప్తాడు. వాకిలి దగ్గర కొత్త మట్టి, గింజ పొట్టు ఉంటే ఎలుక. వాకిలి నున్నగా, రుద్దినట్టు ఉంటే చేయి పెట్టడు. కుండలో గడ్డి వేసి పొగ ఊది ఎలుకలను పడతాడు. రైతులే పిలిచి పట్టిస్తారు. అయినా "ఎలుకలోళ్ళు" అని నవ్వే వాళ్ళు ఉన్నారు. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు ఆ మాట విని నాయన పని ఏమని అడిగితే "కూలి" అని రాయించినాను. అది అబద్ధం కాదు, కూలికి కూడా పోతాడు. కానీ ఇప్పుడు అడిగితే ఎలుకలు పట్టడం అని కూడా రాయిస్తాను. ఒక పంటను కాపాడే పని అది.

8. తుప్ప అంటే పనికిరానిది కాదు

కాంపౌండు బయట ముండ్ల తుప్పలు కూడా కాల్చాల అంటున్నారు. అందులో ఎక్కువ కలివి చెట్లు. ఇప్పుడు తెల్ల పూలు ఉన్నాయి, తరువాత నల్ల పండ్లు వస్తాయి. సెలవుల ముందు మనమే కోసుకొని తింటాము.

ఆ కలివి పేరుతోనే మన జిల్లాలో ఒక పిట్ట ఉంది, కలివికోడి. రాత్రి పూట తుప్పల మధ్య నేల మీద నడిచే పిట్ట. 1848లో జెర్డాన్ అనే దొర ద్వారా బయటి ప్రపంచానికి తెలిసింది. 1900 తరువాత ఎవరికీ కనపడలేదు. ఇక లేదు అని పుస్తకాలు రాసేసినాయి. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే మళ్ళీ దొరికింది. బొంబాయి నుండి వచ్చిన భరత్ భూషణ్ అనే శాస్త్రవేత్త ఊరూరా బొమ్మ చూపించి అడిగినారు. కనిపెట్టింది స్థానికంగా పిట్టలు పట్టే ఒక మనిషి. 1988లో దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఎనభై ఏండ్లకు పైగా పుస్తకాలకు తెలియని పిట్ట, తుప్పల్లో తిరిగే మనిషికి తెలుసు. ఖాళీ భూమి, పిచ్చి తుప్ప అని మనం అనేచోట ఎవరు కాపురం ఉన్నారో ముందు చూడాల.

9. ఆదివారం శ్రమదానంలో చేద్దాము

ఒకటి. గోడ పక్కన అన్నం పడేయడం ఆపుదాము. దూరంగా గుంత తీసి, వేసినప్పుడల్లా మట్టి కప్పుదాము.

రెండు. ఇటుకలు, బెంచీలు, కట్టెలు గోడకు దూరంగా ఒక చోట పేర్చుదాము. పగలే చేయాల. ముందు పొడుగు కట్టెతో కదిలించాల. చేతులు నేరుగా లోపలికి పెట్టకూడదు. చిన్న తరగతుల వాళ్ళు ఈ పనికి రావద్దు.

మూడు. స్టోరు రూములో ఎలుక బొక్కలు రాళ్ళు, సిమెంటుతో మూయమని మేడమ్‌ను అడుగుదాము. మేడమ్ ఒప్పుకుంటే మా నాయనను పిలుస్తాను, పెరట్లో ఎలుకలను పట్టిపోతాడు.

నాలుగు. బాత్‌రూము దారికి రెండు పక్కల గడ్డి పీకి శుభ్రం చేద్దాము. మల్లె పందిరి కింది కొమ్మలను నేలకు తగలకుండా అడుగు ఎత్తుకు కడదాము. పీకవద్దు.

ఐదు. కొళాయి బాగు చేయించాల. దారిలో లైటు వేయించాల. రాత్రి ఇద్దరిద్దరు టార్చి తీసుకొని పోవాల. కాళ్ళు నేలకు తాటించి నడిస్తే, నేల అదురుకు పాము తప్పుకుంటాది.

ఆరు. పడుకునే ముందు చాప, దుప్పటి దులపాల. దోమతెర అంచు చాప కిందికి దోపాల.

ఏడు. పాము కనిపిస్తే కట్టె తీసుకోవద్దు. దూరంగా నిలబడి పెద్దవాళ్ళను పిలవాల. పామును చంపడం చట్టప్రకారం నేరం. చంపబోయి కరిపించుకున్న వాళ్ళూ ఉన్నారు.

వేప, కానుగ, మునగ, మందార, కరివేపాకు ఎక్కడ ఉన్నవి అక్కడే ఉండనీయండి. నిప్పు పెట్టవద్దు.

మా ఇంట్లో పాము కరిచి పోయిన బిడ్డ ఉంది. కాబట్టి పాము అంటే భయం లేదు అని నేను చెప్పను. నాకు భయమే. భయం ఉన్న వాళ్ళే ఎక్కువ తెలుసుకోవాల. చెట్టు కొట్టేస్తే భయం పోతాది అనుకొని ఎలుక బొక్కను అట్లే వదిలేస్తే ప్రమాదం మన పక్కలోనే ఉంటాది.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించినాను. దానికి దారంతో పెన్సిలు కట్టినాను. పెరట్లో మీరు ఏం చూసినా తేదీ, చెట్టు పేరు, వచ్చిన జీవం పేరు రాయండి. పేరు తెలియకపోతే మీ ఇంట్లో ఏమంటారో అది రాయండి. సుగాలి మాటలో గానీ, ఎరుకల మాటలో గానీ రాసినా సరే. మొదటి గీత నేను రాసినాను: మందార చెట్టు, తేనెపిట్ట, ఆడది, ముక్కున సాలెగూడు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
తొమ్మిదవ తరగతి